పిల్లల్లేని వాళ్ళకి పూల్ దగ్గర ఏం పని అని అడిగేవాళ్ళకి

సంపాదకుడు గారికి నమస్కారం.

సమ్మర్ క్యాంపుల వార్తలు మీ సిటీ పేజీలో రోజూ వస్తున్నాయి, జీహెచ్ఎంసీ పూల్స్‌లో ఫీజులు టైమింగులు అన్నీ ఇస్తున్నారు, బాగుంది. కానీ ఈ పిల్లలే రేపు ఈత పోటీలకి, జిల్లా మీట్‌కో స్కూల్ మీట్‌కో వెళ్తే అక్కడ వాచీ పట్టుకుని నిలబడేది ఎవరు అన్నది మాత్రం ఎక్కడా కనపడదు. దాని గురించే ఈ ఉత్తరం.

మాకు పిల్లల్లేరు. నాకు ఈత అంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి, గోదావరి కాలవలో నేర్చుకున్న ఈత. అందుకే వీలైన ఆదివారాలు మీట్లలో టైమ్ కీపర్‌గా వెళ్తుంటా. వెళ్ళిన ప్రతిచోటా మొదటి ప్రశ్న ఒకటే, "మీ బాబు ఏ లేన్ అండీ?" నాకెవరూ లేరండీ ఊరికే వచ్చా అంటే రెండు రకాల మొహాలు కనిపిస్తాయి. ఒకటి జాలి, ఫలానా డాక్టర్ గారు ఫలానా గుడి అని మొదలెడతారు, దానికి నవ్వేసి ఊరుకోవడమే. రెండోది అనుమానం. ఊరికే ఎందుకొస్తాడు ఈ మనిషి, అదీ పిల్లలు ఈత డ్రెస్సుల్లో తిరిగే చోటికి? ఒకావిడైతే నాకు వినపడేలాగానే పక్కావిడతో అనేసింది.

నిజం చెప్పాలంటే ఆ అనుమానం నాకు తప్పనిపించలేదు. నాకు కూతురుంటే నేనూ అడిగేవాణ్ణి. నా కంప్లైంట్ ఏంటంటే ఆ ప్రశ్న నన్నొక్కణ్ణే అడుగుతున్నారు. కోచ్‌ని అడగరు, పూల్ క్లీన్ చేసే అబ్బాయిని అడగరు, పక్క లేన్‌లో వాచీ పట్టుకున్న ఇంకో పిల్లాడి నాన్నని అసలే అడగరు. పిల్లలుండటం ఏమన్నా క్యారెక్టర్ సర్టిఫికెట్టా? పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసుల వార్తలు మీ పేపర్లోనే వస్తుంటాయి కదా, వాటిల్లో నిందితులు చాలాసార్లు ఆ పిల్లలకి బాగా తెలిసినవాళ్ళే, పెళ్ళాం పిల్లలున్నవాళ్ళే.

ఇక అసలు అవసరం సంగతి. నేను చూసిన జిల్లా మీట్లలో చెయ్యి తగలగానే టైమ్ తానే నమోదు చేసే టచ్ ప్యాడ్లూ గట్రా ఉండవు, అన్నీ చేతి వాచీలే. రూల్ ప్రకారం లేన్‌కి ముగ్గురు టైమ్ కీపర్లుండాలి, మూడు వాచీల్లో రెండు ఒకే టైమ్ చూపిస్తే అదే లెక్క, మూడూ తలో రకంగా ఉంటే మధ్యది తీసుకుంటారు. అంటే ఎనిమిది లేన్లకి 24 మంది. అది కాక గోడ దగ్గర వెనక్కి తిరిగే టర్నులు చూసేవాళ్ళు, స్ట్రోక్ అంటే ఈత పద్ధతి సరిగ్గా ఉందో చూసేవాళ్ళు, ప్రతి విడత రేసుకీ (హీట్) పిల్లల్ని వరసలో నిలబెట్టేవాళ్ళు. జరిగేదేంటంటే లేన్‌కి ఒకరో ఇద్దరో దొరుకుతారు, వాళ్ళూ గ్యాలరీలోంచి అప్పటికప్పుడు పిలిచిన తల్లిదండ్రులే. తమ బుడ్డోడి రేస్ రాగానే వాచీ పక్కనోళ్ళకిచ్చి ఫోన్‌లో వీడియో తీసుకోవడానికి పరిగెడతారు, రేస్ అయ్యాక టిఫిన్‌కి పోతారు, మధ్యాహ్నం 1500 మీటర్లకి ఎవరూ మిగలరు. వాళ్ళని తప్పుపట్టట్లేదు, వాళ్ళొచ్చిందే పిల్లల కోసం. కానీ బ్రెస్ట్ స్ట్రోక్, బటర్‌ఫ్లై అనే ఈత రకాల్లో టర్న్ దగ్గర రెండు చేతులూ ఒకేసారి గోడకి తగలాలి, ఒక చెయ్యి ముందు తగిలితే డిస్‌క్వాలిఫై. సొంత కూతురి చెయ్యి ముందు తగిలితే ఆ మాట రెఫరీకి చెప్పే నాన్న ఎంతమంది ఉంటారో మీరే ఆలోచించండి. నాకైతే ఆ లేన్లో ఎవరున్నా ఒకటే.

ఇంకోటి, మన దగ్గర టెన్త్ రాగానే ఈత బంద్. తర్వాత ఇంటర్, ఐఐటీ కోచింగ్, నీట్. పిల్లాడితో పాటు నాన్న కూడా మాయం, నాలుగేళ్ళలో ఆయన నేర్చుకున్న రూల్స్ కూడా ఆయనతోనే పోతాయి, మళ్ళీ కొత్త బ్యాచ్‌కి వాచీ ఎలా నొక్కాలో మొదట్నించి చెప్పాలి. పిల్లల్లేని వాళ్ళు, పిల్లలు పెద్దయి అమెరికా వెళ్ళిపోయిన వాళ్ళు, రిటైరైన పీఈటీలు ఉంటే ఆ పని ఏళ్ళ తరబడి నడుస్తుంది.

మీట్లే కాదు. క్యాంపులో ఒక కోచ్ చుట్టూ ముప్ఫై నలభై మంది పిల్లలుంటున్నారు, మునిగే పిల్లలు సినిమాలోలా కేకలెయ్యరు సార్, చప్పుడు లేకుండా పోతారు. గట్టు మీద నీళ్ళనే చూస్తూ ఇంకో ఇద్దరుండాలి. దేశంలో 2022లో నీళ్ళలో మునిగి 38 వేల మందికి పైగా పోయారని ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) లెక్క. ఈత నేర్పే చోట మనుషులు చాలట్లేదంటే అది చిన్న విషయం కాదు.

మా పిన్ని కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ ఈత పోటీలు నడిపే యూఎస్ఏ స్విమ్మింగ్ అనే సంస్థ మీట్లలో అఫీషియల్స్ వాలంటీర్లేనట, కానీ బ్యాక్‌గ్రౌండ్ చెక్, పిల్లల రక్షణ మీద ఆన్‌లైన్ ట్రైనింగ్ అయితేనే పూల్ గట్టు మీదకి రానిస్తారు. నీకు పిల్లలున్నారా లేదా అని ఫారంలో అడగరు. పెద్దవాళ్ళెవరూ పిల్లలతో ఒంటరిగా నలుగురికీ కనపడని చోట ఉండకూడదు, ఇది కోచ్‌కీ వర్తిస్తుంది, వాలంటీర్‌కీ వర్తిస్తుంది.

మన దగ్గరా ఇది పెద్ద పనేం కాదు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ఆన్‌లైన్లో అప్లై చేసుకోవచ్చు, వీసాలకి తెచ్చుకుంటూనే ఉన్నాం. అది తీసుకుని, ఒక పూట రూల్స్ మీద, పోక్సో మీద క్లాసు పెట్టి ఫొటో కార్డు ఇవ్వండి. ఆ చట్టంలో తెలిసీ ఫిర్యాదు చెయ్యకపోతే ఆరు నెలల వరకు జైలని పూల్ దగ్గర ఎంతమందికి తెలుసు? డ్రెస్సింగ్ రూముల వైపు వాలంటీర్లు వెళ్ళకూడదు, పిల్లలతో వాట్సాప్‌లో విడిగా మాట్లాడకూడదు, ఏదున్నా తల్లిదండ్రులున్న గ్రూపులోనే. 2025 ఆగస్టులో పార్లమెంటు పాస్ చేసిన జాతీయ క్రీడా పాలన చట్టంలో ఆటగాళ్ళ రక్షణ కోసం సేఫ్ స్పోర్ట్స్ పాలసీ మాట ఉంది, జిల్లా పూల్ దాకా అది ఎప్పుడొస్తుందో గానీ అప్పటిదాకా అసోసియేషన్లు ఈ మాత్రం చెయ్యొచ్చు. కార్డు మెళ్ళో ఉంటే నా గురించి పక్కావిడని అడగక్కర్లేదు, నేరుగా కార్డే చూసుకోవచ్చు.

మీ రిపోర్టర్ గారు ఈసారి క్యాంపు ఫీజులు కనుక్కోవడానికి వెళ్ళినప్పుడు, పూల్ లోపలికి వచ్చే పెద్దవాళ్ళలో ఎంతమందికి పోలీస్ వెరిఫికేషన్ అయిందో కూడా అడిగి వెయ్యమనండి. కోచ్‌లతో కలిపి.

ఇట్లు,
ఒక పాఠకుడు, సికింద్రాబాద్