మచ్చను కొలిచి బాధను లెక్కకట్టొద్దు

సంపాదకులకు,

ముఖం మీద కాలిన మచ్చ, బొల్లి, గ్రహణం మొర్రి కుట్ల గీత ఉన్నవాళ్లతో చాలామంది, కొందరు డాక్టర్లు సైతం, అనే మాట: "ఇంత చిన్నదానికే బాధా?" మచ్చ ఎంత పెద్దదన్నదాన్ని బట్టి బాధ ఎంతో చెప్పలేమని పరిశోధనల్లో పదేపదే తేలింది. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయానికే బాధతో దగ్గరి లంకె. కనురెప్ప పక్కన గోరంత బొల్లి ఒకరిని గడప దాటనివ్వదు. సగం ముఖం కాలిన ఇంకొకరు హాయిగా కొలువు చేసుకుంటారు.

కాబట్టి బాధ ఎంతో ఆ మనిషినే అడగాల్సిందే. చర్మ సమస్య రోజువారీ జీవితాన్ని ఎంత దెబ్బతీస్తోందో కొలవడానికి చర్మవైద్యులకు 1994 నుంచి డీఎల్‌క్యూఐ అనే ప్రశ్నావళి ఉంది. గడిచిన వారం గురించి 10 ప్రశ్నలు, 30 మార్కులు. 10 దాటితే జీవితం బాగా దెబ్బతింటున్నట్టే. అయితే అందులో దురద, నొప్పికీ మార్కులున్నాయి. నొప్పి లేని మచ్చకు మొత్తం తక్కువ రావచ్చు. సిగ్గు గురించి అడిగే రెండో ప్రశ్నను విడిగా చూడాలి.

జుట్టు ముందుకు లాక్కోవడం, తల వంచుకు నడవడం ఆ పూటకు ఊరటే. కానీ "దాచాను కాబట్టి గట్టెక్కాను" అని మనసు నేర్చుకుంటుంది. పైగా తల వంచితే ఎదుటివాళ్ల మామూలు చూపులు కనపడవు. మచ్చను కప్పే క్రీము (కన్సీలర్) తప్పేం కాదు, అది లేనిదే బయటికి రాలేకపోతేనే చిక్కు. ఈ భయం మెల్లగా తగ్గాలంటే, భయపడే సందర్భాలకు భయాన్ని బట్టి 0 నుంచి 100 దాకా మార్కులు వేసుకుని, 30, 40 ఉన్నదానితో మొదలుపెట్టి, భయం తగ్గేదాకా అక్కడే ఉండాలి. వారంలో నాలుగైదుసార్లు అదే చేయాలి. తిన్నగా 90 దగ్గరికి దూకితే మధ్యలో పారిపోతారు, భయం రెట్టింపవుతుంది. జుట్టు చాటునే చేస్తే ఘనత జుట్టుకే పోతుంది.

"ఏమైంది?" అన్నవాళ్లకు జవాబు ముందే సిద్ధంగా ఉండాలి: "చిన్నప్పుడు కాలింది. ఇప్పుడు నొప్పేం లేదు. మీరు ఎటు వెళ్తున్నారు?" చివరి ముక్క మరిచిపోతే పలకరింపు కాస్తా విచారణ అవుతుంది. చెప్పాలని లేకపోతే "దాని గురించి వద్దులెండి" అంటే చాలు. బ్రిటన్‌లో జేమ్స్ పార్ట్రిడ్జ్ ముఖంపై మచ్చలు, తేడాలు ఉన్నవాళ్ల కోసం 1992లో పెట్టిన ఛేంజింగ్ ఫేసెస్ సంస్థ ఇలాంటి మాటనేర్పు మీద కూడా దృష్టి పెట్టింది. ఆయనా కాలిన గాయాలు తిన్న మనిషే. పిల్లలకైతే బడి తెరిచే ముందే ఇంట్లో ఆ జవాబు పదిసార్లు చెప్పించాలి, టీచరుకూ అదే జవాబు తెలిసుండాలి.

రెండు వారాలుగా దిగులు వదలకపోయినా, చావు ఆలోచనలు ఒక్కసారి వచ్చినా ఈ సాధన పక్కనపెట్టి ముందు మానసిక వైద్యుణ్ని కలవాలి.

– చర్మ, మానసిక వైద్య విభాగాల్లో పనిచేస్తున్న కొందరం