చెక్కు మీద జట్టు పేరు ఎందుకు?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను కాకినాడలో ఒక హైస్కూల్లో పీఈటీగా పనిచేస్తున్నాను. రోజూ పొద్దున్నే పిల్లలకు బాస్కెట్‌బాల్ ప్రాక్టీస్ ఉంటుంది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏ మ్యాచ్‌లు మనకు తెల్లవారుజామునే వస్తాయి కాబట్టి మా పిల్లలు ఫోన్‌లో స్కోర్లు చూసుకుంటూనే గ్రౌండ్‌కి వస్తారు. ఈమధ్య తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరోజు ఓర్లాండో మ్యాజిక్ జెర్సీ వేసుకుని వచ్చింది. పక్కనున్న కుర్రాడు నన్ను అడిగాడు, "సార్, ఆ టీమ్ ఏ పార్టీ?" అని. సినిమా హీరోకీ, టీవీ ఛానెల్‌కీ పార్టీని అంటగట్టి చూసే చోట పెరుగుతున్న పిల్లాడు, అలా అడగడంలో వింత లేదు. నాకు మాత్రం వెంటనే జవాబు రాలేదు. ఆ తర్వాత చాలా ఆలోచించాను. ఆ ఆలోచన మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండో నగరానికి చెందిన మ్యాజిక్ జట్టు 1991 నుంచి డివోస్ కుటుంబం చేతిలో ఉంది. ఆ జట్టును కొన్న రిచ్ డివోస్ ఆమ్‌వే కంపెనీ స్థాపకుల్లో ఒకరు. ఆమ్‌వే అంటే మన ఇళ్లలో కూడా చాలామందికి తెలుసు. ఆయన కోడలు బెట్సీ డివోస్ ట్రంప్ మొదటి ప్రభుత్వంలో విద్యాశాఖ చూశారు. ఆ కుటుంబం ఏళ్ల తరబడి రిపబ్లికన్ పార్టీకి విరాళాలు ఇస్తోంది. అది వాళ్ల డబ్బు, వాళ్ల ఇష్టం. దానితో నాకు పేచీ లేదు.

నా బాధ 2023 మే నెలలో రాసిన ఒక చెక్కు గురించి. ఫ్లోరిడా గవర్నర్ రాన్ డిశాంటిస్‌ను అధ్యక్ష పదవికి బలపరచడానికి 'నెవర్ బ్యాక్ డౌన్' అనే సంస్థ పెట్టారు. దానికి 50,000 డాలర్లు వెళ్లాయి. మన రూపాయల్లో 40 లక్షల పైమాటే. ఇచ్చింది డివోస్ కుటుంబంలోని ఏ ఒక్కరి పేరు మీదా కాదు, ఓర్లాండో మ్యాజిక్ పేరు మీద. ఎన్నికల విరాళాల లెక్కలు బయటికొచ్చాక ఆ ఏడాది ఆగస్టులో ఇది అందరికీ తెలిసింది. ఆయన పోటీ ప్రకటించక ముందే ఆ డబ్బు ఇచ్చామనీ, సెంట్రల్ ఫ్లోరిడా బాగు కోసం ఒక స్థానిక వ్యాపార సంస్థగా తమ గవర్నర్‌కు మద్దతిచ్చామనీ జట్టు చెప్పుకుంది. ఆటగాళ్ల సంఘం మాత్రం ఇది ఆందోళన కలిగించే విషయమని బహిరంగంగానే అంది. అనకుండా ఎలా ఉంటుంది? ఆ ఏడాది జనవరిలోనే డిశాంటిస్ ప్రభుత్వం నల్లజాతి చరిత్ర మీద హైస్కూల్ పిల్లలకు పెట్టబోయిన ఒక కోర్సును ఫ్లోరిడాలో వద్దంది. ఎన్‌బీఏలో ఆడేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. మ్యాజిక్ ఆటగాళ్ల ఛాతీ మీద ఉన్న పేరుతోనే ఆ చెక్కు వెళ్లింది.

ఇంకో సంగతి కూడా ఉంది. మ్యాజిక్ ఆడే స్టేడియం జట్టుది కాదు, ఓర్లాండో నగరానిది. 2010లో తెరిచిన ఆ స్టేడియం ఖర్చులో పెద్ద భాగం హోటల్ గదుల మీద వేసే పన్ను నుంచి వచ్చింది. అంటే అన్ని పార్టీల జనం ఉన్న ఊరు కలిసి కట్టుకున్న ఇల్లు అది. అందులో ఆడే జట్టు పేరును ఒక నాయకుడి ఎన్నికల ఖర్చు దగ్గర నిలబెట్టడం నాకు అస్సలు నచ్చలేదు.

అసలు ఆ జట్టులోనే అందరిదీ ఒకే మాట కాదు. 2020 జూలై 31న, కరోనా వల్ల జట్లన్నిటినీ బయటివాళ్లకు దూరంగా ఒకేచోట ఉంచి ఆడించిన 'బబుల్'లో, బ్రూక్లిన్ జట్టుతో మ్యాచ్‌కి ముందు జాతీయగీతం వస్తుంటే మిగతా ఆటగాళ్లందరూ జాతి వివక్షకు నిరసనగా మోకాలి మీద కూర్చున్నారు. మ్యాజిక్ ఆటగాడు జొనాథన్ ఐజాక్ ఒక్కడే నిలబడ్డాడు. అందరూ వేసుకున్న 'బ్లాక్ లైవ్స్ మ్యాటర్' (నల్లవాళ్ల ప్రాణాలకూ విలువుంది అనే ఉద్యమ నినాదం) టీషర్టు కూడా వేసుకోలేదు. తన క్రైస్తవ విశ్వాసం ఏమిటో మ్యాచ్ అయ్యాక తనే చెప్పుకున్నాడు. రెండు రోజుల తర్వాత అతని మోకాలి లిగమెంట్ తెగినప్పుడు ఆ జట్టు అతన్ని వదులుకోలేదు, తర్వాత కూడా వాళ్లతోనే ఆడాడు. అతని అభిప్రాయంతో నేను ఏకీభవించను. కానీ అందరూ కూర్చున్నచోట ఒక్కడే నిలబడటానికి గుండె కావాలి. కూర్చున్నవాళ్లూ, నిలబడ్డవాడూ ఎవరి మాట వాళ్లే చెప్పారు. ఎవరూ జట్టు మొత్తాన్ని తమ వెనక కట్టుకోలేదు.

ఆ వేసవిలోనే మహిళల లీగ్‌లో జరిగింది ఇంకా పెద్ద కథ. అట్లాంటా డ్రీమ్ జట్టు యజమానుల్లో ఒకరైన కెల్లీ లోఫ్లర్ అప్పటికి జార్జియా నుంచి రిపబ్లికన్ సెనెటర్. లీగ్ 'బ్లాక్ లైవ్స్ మ్యాటర్'కు చోటివ్వడం తనకు సమ్మతం కాదని ఆమె లీగ్‌ను నడిపే కమిషనర్‌కు ఉత్తరం రాశారు. ఆటగాళ్లు ఆమె పేరు ఎత్తడమే మానేశారు. ఆమె మీద పోటీ చేస్తున్న పాస్టర్ రాఫెల్ వార్నాక్‌తో మాట్లాడారు, ఆయన ఏమనుకుంటున్నాడో తెలుసుకున్నారు. సియాటిల్ ప్లేయర్ సూ బర్డ్ ఇచ్చిన ఆలోచనతో ఆగస్టు 4న 'వార్నాక్‌కు ఓటెయ్యండి' అని రాసిన నల్ల టీషర్టులు వేసుకుని మ్యాచ్‌కి వచ్చారు. అప్పటికి ఆయన్ను పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2021 జనవరి 5న జరిగిన రెండో విడత పోలింగ్‌లో ఆయన గెలిచారు. అట్లాంటా చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగువాళ్లలో కూడా ఆ ఎన్నికలో ఓటు వేసినవాళ్లు ఉన్నారు. ఫిబ్రవరిలో జట్టు చేతులు మారింది. కొత్త యజమానుల్లో ఒకరు రెనీ మాంట్‌గోమరీ, అదే జట్టులో ఆడిన అమ్మాయి.

ఆ టీషర్టులు వేసుకున్నది కూడా లీగ్ కెమెరాల ముందే కదా, అది మాత్రం జట్టు పేరు వాడుకోవడం కాదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. లోఫ్లర్‌ను అభిమానించే డ్రీమ్ ప్రేక్షకుడికి ఆ రోజు కష్టంగానే ఉండి ఉంటుంది. కానీ వాళ్లు తమ ముఖాలు చూపించి, తమకు జీతమిచ్చే మనిషికి ఎదురు నిలబడి, ఉద్యోగం పోతుందేమో అన్న భయం ఉండి కూడా చెప్పారు. లోఫ్లర్ కూడా తన సంతకంతోనే ఉత్తరం రాశారు, ఆ మాటకొస్తే. జట్టు పేరుతో రాసిన చెక్కులో అలా బాధ్యత తీసుకునే మనిషి కనపడడు.

మనకు ఇది దూరం విషయమేమీ కాదు. ఎన్నికల బాండ్ల ద్వారా అన్నాడీఎంకేకి 2019లో వచ్చిన 6.05 కోట్ల రూపాయల్లో ఎక్కువ భాగం చెన్నై సూపర్ కింగ్స్ క్రికెట్ లిమిటెడ్ ఇచ్చిందేనని ఆ పార్టీ ఎన్నికల సంఘానికి ఇచ్చిన వివరాల్లోనే ఉంది. ఆ వివరాలు 2024లో, సుప్రీంకోర్టు బాండ్లను కొట్టేశాకే జనం ముందుకొచ్చాయి. పసుపు జెర్సీ వేసుకుని ఈలలు వేసే మన పిల్లల్లో ఎంతమందికి ఇది తెలుసు?

యజమానులు తమ సొంత పేర్లతో ఏ పార్టీకైనా ఇచ్చుకోనివ్వండి. జట్టు పేరుతో మాత్రం ఏ పార్టీకీ, ఏ అభ్యర్థికీ రూపాయి కూడా వెళ్లకూడదని ఎన్‌బీఏ అయినా, ఐపీఎల్ అయినా నిబంధన పెట్టాలి. అప్పటిదాకా మీ క్రీడల పేజీలో సీజన్ మొదలయ్యే ముందు ఏ జట్టు ఎవరిది, ఆ జట్టు పేరుతో ఎవరికి ఎంత వెళ్లింది అన్నది స్కోర్ల పక్కనే వేయమని కోరుతున్నాను. మా కుర్రాడికి అది చూపిస్తాను.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
కాకినాడ