కొండ ఊళ్ల కాలిబాటలు మ్యాపుకెక్కాలి: విపత్తుల నిర్వహణ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2024 సెప్టెంబరు వానలకు అల్లూరి సీతారామరాజు జిల్లా జీకే వీధి (గూడెం కొత్తవీధి) మండలంలో కొండచరియలు విరిగిపడ్డాయి. అక్కడ ఘాట్ రోడ్డు తెగితే ఊళ్లకు మిగిలేది కాలిబాటే. గర్భిణిని డోలీలో మోసుకొచ్చేదీ, సంతకు వెళ్లేదీ, రేషన్ బియ్యం నెత్తిన పెట్టుకుని కొండెక్కేదీ ఆ బాటనే. అలాంటి బాటలు చాలావరకు ఏ మ్యాపులోనూ కనిపించవు. బయటి నుంచి వచ్చిన సహాయక బృందం దారి తెలిసిన మనిషి దొరికేదాకా ఆగాల్సిందే.

ఉపగ్రహ చిత్రాలు చూసి, ఎవరైనా గీయగల, ఎవరైనా వాడుకోగల ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఈ బాటలు గీసేవాళ్లలో నేనొకడిని. జీతం ఆశించి ఎవరూ చేసే పని కాదిది. దీని విలువ నేపాల్‌లో తెలిసింది. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చే నాటికే ఖాట్మండూ లివింగ్ ల్యాబ్స్ అనే అక్కడి మ్యాపింగ్ సంస్థ కుర్రాళ్లు తమ నగరాన్ని మ్యాపు చేస్తూ ఉన్నారు. అందుకే ఆ తర్వాత ప్రపంచం నలుమూలల వేలమంది గీసిన గీతలను వాళ్లు ఒక దారిలో పెట్టగలిగారు. రోడ్లు పోయిన ఎత్తు ఊళ్లకు ప్రపంచ ఆహార కార్యక్రమం కూలీలను, కంచర గాడిదలను పెట్టి కాలిబాటల మీదే సరుకులు పంపింది.

మన కొండల్లో ఈ పనికి ఫిబ్రవరి, మార్చి నెలల చిత్రాలు కావాలి. ఆకు రాలితేనే నేల కనిపిస్తుంది. ఇళ్ల గుంపు నుంచి సన్నటి లేతరంగు గీత బయల్దేరి, పోడు చేల గట్టు పట్టుకుని పోయి, చెట్ల కింద మాయమై, గెడ్డ (వాగు) అవతల మళ్లీ తేలుతుంది. పశువుల బాట చెదిరిపోయి మేత దగ్గరో నీళ్ల దగ్గరో ఆగిపోతుంది. మనిషి బాట అలా కాదు, ఇంకో ఊరిదాకా పోతుంది. ఈ తేడా పట్టుకోవడానికి కన్ను అలవాటు పడాలి. అయితే ఆ గెడ్డ ఆగస్టులో దాటొచ్చా లేదా అన్నది ఏ చిత్రమూ చెప్పదు. ఊరి పేరూ చెప్పదు. అది ఆశా కార్యకర్తకు తెలుసు, సంతకు నడిచే ముసలాయనకు తెలుసు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఒక్క మండలం తీసుకోండి, జీకే వీధే తీసుకోండి. మేం బాటలు గీసి కాగితం మీద ప్రింటు ఇస్తాం. ఆశాలు, సచివాలయ సిబ్బంది ఊళ్లో కూర్చుని సరిచూడాలి. వాళ్లకు ఆ రోజు కూలీ, చార్జీలు ప్రభుత్వమే ఇవ్వాలి. ఉచితంగా చేయమనడం అన్యాయం. 2023 నాటి భారత అంతరిక్ష విధానం ప్రకారం 5 మీటర్లకంటే సూక్ష్మమైన (ఒక్కో చుక్క నేల మీద 5 మీటర్లకంటే తక్కువ మేర చూపే) ఉపగ్రహ చిత్రాలు ప్రభుత్వ సంస్థలకు ఉచితం, మాలాంటి వాళ్లు కొనుక్కోవాలి. అడుగు వెడల్పు బాట కనపడాలంటే అవే కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నుంచి మీ శాఖ తెప్పించి, మాకు చూసి గీసే అనుమతి ఇప్పించండి.

ఒక షరతు మాత్రం మా వైపు నుంచే పెడుతున్నాం. బాటలు, ఇళ్లు, నీటి చోట్లు గీస్తాం. పోడు భూముల హద్దులు గీయం. సాయం కోసం తయారైన మ్యాపు రేపు ఎవరినైనా చేలోంచి వెళ్లగొట్టడానికి పనికి రాకూడదు. ఏం చూపాలో ఏం చూపకూడదో గ్రామసభే తేల్చాలి. ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతాల్లో, 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ) చట్టం గ్రామసభకు పెద్ద స్థానమే ఇచ్చింది.

సరిచూసిన మ్యాపు మీ కంట్రోల్ రూములో ఉండాలి, మండల ఆఫీసు గోడ మీదా ఉండాలి. తుపాన్లకు సెల్ టవర్లు పడిపోతే ఫోన్లో మ్యాపు తెరుచుకోదు కదా. రాబోయే ఆకురాలు కాలానికి ముందే ఉత్తర్వు ఇస్తే వానలు పడేలోగా మొదటి మండలం పూర్తి చేయొచ్చు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పాడేరు వచ్చి పని చూపించడానికి మేం సిద్ధం.

ఇట్లు,
కాలిబాటలు గీసే ఒక స్వచ్ఛంద కార్యకర్త