సమానార్థకాలన్నీ సమానం కావు

సంపాదకులకు నమస్కారం. అమీర్‌పేటలో దొరికే స్పోకెన్ ఇంగ్లిష్ మెటీరియల్ చాలావాటిలో ‘ఆస్క్, రిక్వెస్ట్, డిమాండ్’ అన్నిటికీ ఎదురుగా ‘అడుగు’ అని ఒకే అర్థం వేసి వదిలేస్తున్నారు. చిక్కంతా అక్కడే. తెలుగులో దారి అడుగుతాం, అప్పు అడుగుతాం, సెలవూ అడుగుతాం. ఇంగ్లిష్‌లో దారికి ‘ఆస్క్’ చాలు; ఆఫీసు మెయిల్‌లో సెలవుకు ‘రిక్వెస్ట్’ నప్పుతుంది; రిలీవింగ్ లెటర్ కోసం హెచ్‌ఆర్‌కు ‘ఐ డిమాండ్’ అని రాస్తే గద్దించినట్టే. ఇంకో మాట, ‘రిక్వెస్ట్’ను క్రియగా వాడితే వెంటనే ‘ఫర్’ రాదు. ‘ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్’ అని నామవాచకమైతేనే వస్తుంది.

‘డౌట్’దీ అదే తంతు. విదేశీ క్లయింట్‌తో ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే, మీ మాట మీద నమ్మకం లేదన్నట్టు వినిపించవచ్చు. అడగాల్సింది ఉంటే ‘క్వశ్చన్’ అనాలి.

ఇంగ్లిష్‌లో ఒకే అర్థానికి ఇలా రెండేసి మాటలు ఉండటం వెనక చరిత్ర ఉంది. 1066లో ఫ్రెంచ్ మాట్లాడే నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక ఫ్రెంచ్ మాటలు కోర్టుల్లో, సర్కారు కార్యాలయాల్లో పాతుకుపోయాయి. ‘బై’ పక్కన ‘పర్చేజ్’, ‘బిగిన్’ పక్కన ‘కమెన్స్’ అలా చేరినవే. మనకు ‘మొదలు’, ‘ప్రారంభం’ ఉన్నట్టే. అలాగని బరువైన మాటే గొప్పదనుకుంటే పొరపాటు. స్నేహితుడికి వాట్సాప్‌లో ‘కమెన్స్’ అని పంపితే నవ్విపోతాడు.

ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం చేసిన లెర్నర్స్ డిక్షనరీల్లో ఇలాంటి మాటల పక్కన ‘ఫార్మల్’, ‘ఇన్‌ఫార్మల్’ అని ఉంటుంది. ముందు అది చూసి, తర్వాత ఉదాహరణ వాక్యంలో ‘ఫర్’ లాంటి ఏ ప్రిపోజిషన్ వచ్చిందో గమనించాలి. కోచింగ్ సెంటర్లు ఒక్కో మాటకు కనీసం ఒక్కో వాక్యమైనా అచ్చు వేయాలి.

– ఇంగ్లిష్ అధ్యాపకులు, హైదరాబాద్