బియ్యం కార్డు నిబంధనలు, మన కాలనీ: సంక్షేమ సంఘం 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

డ్రైనేజీ, వీధి దీపాల లెక్కలతో మొదలయ్యే మన నివేదిక ఈసారి బియ్యం కార్డుతో మొదలవుతోంది. ఈ ఏడాది మన విజయవాడ సింగ్‌నగర్‌లో ఎక్కువమంది సంఘం గది మెట్లెక్కింది ఆ పని మీదే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద నీళ్లకు కాగితాలన్నీ పోగొట్టుకున్న కుటుంబాల్లో కొన్ని ఇంకా వాటి కోసం తిరుగుతూనే ఉన్నాయి.

మే 7 నుంచి వార్డు సచివాలయాల్లో కొత్త కార్డులు, పేర్ల చేర్పులు, కార్డుల విభజనకు దరఖాస్తులు తీసుకున్నారు. కోడళ్ల పేర్లతోనే ఎక్కువ చిక్కు వచ్చింది. పుట్టింటి కార్డులో పేరు తీసేస్తేనే అత్తింటి కార్డులో ఎక్కుతుంది. రెండు ఊళ్ల మధ్య తిరిగిన ఆడపిల్లలకు మన మహిళా సభ్యులు తోడు వెళ్లారు. జూన్ 1 నుంచి ఇంటింటికీ వచ్చే రేషన్ బండి ఆగింది, మళ్లీ రేషన్ డిపో తెరిచారు. నెలలో 1 నుంచి 15 దాకా సరుకులిస్తారు. 65 ఏళ్లు దాటినవారికి, వికలాంగులకు ఇంటికే తెచ్చివ్వాలి. మంచం దిగలేనివాళ్ల పేర్లు రాసి డీలరుకు ఇచ్చాం. ఒకరిద్దరికి రెండో నెలలో గానీ అందలేదు.

అసలు పోరాటం అర్హత దగ్గర. పట్టణంలో కుటుంబ ఆదాయం నెలకు 12,000 దాటకూడదన్న హద్దు 2019లో పెట్టింది. తాపీ పనికి వెళ్లే మనిషికి రోజుకు 500 చొప్పున 26 రోజులు పని దొరికితే 13,000 అవుతుంది. అంటే ఆ ఒక్క కూలితోనే కుటుంబం హద్దు దాటేస్తుంది. కరెంటు నెలకు 300 యూనిట్లు మించకూడదన్నది ఇంకో షరతు. ఒకే మీటరు మీద ముగ్గురు అన్నదమ్ములు వేరు కాపురాలు పెట్టిన ఇంట్లో అది కుదిరేది కాదు. అలాంటి ఒక ఇంటి కార్డు ఆగిపోతే, వేర్వేరు మీటర్లు పెట్టించి మళ్లీ దరఖాస్తు చేయించాం. నాలుగు చక్రాల బండి ఉండకూడదన్నా టాక్సీకి మినహాయింపు ఉంది. ఆ సంగతి చాలామంది డ్రైవర్లకు తెలియదు.

జూలైలో కేంద్రం ప్రజాపంపిణీ ఉత్తర్వును సవరించింది. లబ్ధిదారుల జాబితాను ఐదేళ్లకోసారి సమీక్షించాలన్నది అందులో ముఖ్యమైన మాట. ఆరు నెలలు సరుకు తీసుకోని కార్డును తాత్కాలికంగా ఆపి, మూడు నెలల్లో ఇంటికొచ్చి చూసి తేల్చాలి. కొత్తగా అడిగినవారి పేర్లు ముందు వచ్చినవారికి ముందు అన్న లెక్కన అందరికీ కనిపించేలా ఉంచాలి. ఈ చివరి సంగతి మనకు చాలా మేలు.

ఆరు నెలల మాట విన్నాక టెన్షన్ పడ్డది మాత్రం హైదరాబాదుకూ బెంగళూరుకూ భవనాల పనికి వెళ్లినవాళ్లు. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డుకు ఎక్కడి డిపోలోనైనా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చే కార్డుకు వేరే రాష్ట్రంలో ఆ వీలు లేదు. మీది ఏ కార్డో తెలియకపోతే సంఘం గదికి రండి, చూసి చెబుతాం.

సంఘం అభిప్రాయం ఇది. జాబితాను ఐదేళ్లకోసారి సమీక్షించడం సరే, హద్దులను కూడా అలాగే సమీక్షించాలి. మన పేరు ఉండాలో తీసేయాలో చూడటానికి గడువు పెట్టినవారు, 12,000 అన్న అంకె ఈనాటి కూలికి సరిపోతుందో లేదో చూడటానికీ గడువు పెట్టాలి. ఆహార భద్రత చట్టం కింద ఎంతమందికి ఇవ్వాలన్న లెక్కకు ఆధారం ఇప్పటికీ 2011 జనాభా లెక్కలే. ఆ తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు హైస్కూలుకు వెళ్తున్నారు. డిపోలపై అప్పుడప్పుడు సామాజిక తనిఖీ (జనమే కలిసి పనితీరు చూసే తనిఖీ) జరగాలని చట్టంలోని 28వ సెక్షన్ చెబుతుంది. మన డిపోలో అది జరిపించాలని అర్జీ పెట్టాం, ఇంకా జవాబు రాలేదు.

మిగతా పనులు క్లుప్తంగా: రెండు వీధుల్లో కాలువ పూడిక తీయించాం, వైద్య శిబిరం ఒకటి పెట్టాం. జమాఖర్చులు సంఘం గది గోడకు అంటించాం.

ఆదాయ హద్దు పెంచాలన్న వినతిపత్రం ముసాయిదా సిద్ధమైంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తాం. మీ ఇంటి నెల ఖర్చు ఒక కాగితం మీద రాసి తెస్తే దానికి జత చేస్తాం.

కార్యదర్శి