నీళ్లు నిలిచే చోట తవ్వకండి

సంపాదకులకు నమస్కారం.

వాన తోట అంటే డాబా మీంచి వచ్చే వాన నీళ్లు పట్టి నేలలోకి ఇంకేలా లోతు తక్కువ గుంత తీసి మొక్కలు పెంచడం. అది వేద్దామనుకునేవాళ్లు చాలామంది మొదట్లో చేసే తప్పు నేనూ చేశాను, అందుకే ఈ ఉత్తరం. పెరట్లో వాన పడ్డప్పుడల్లా నీళ్లు నిలిచే మూల ఒకటుంది, ఎలాగూ గుంటే కదా అని అక్కడే మొక్కలు పెట్టేశాను. నెల తిరక్కుండా వేర్లు కుళ్లి సగం పోయాయి. నీళ్లు నిలుస్తున్నాయంటేనే అక్కడి నేల తాగడం లేదని అర్థం, ఆ సంగతి నాకు ఆలస్యంగా వెలిగింది!

మొక్కలు కొనేముందే అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. పొడి నేల మొదటిసారి ఆబగా తాగేస్తుంది, ఆ లెక్క నమ్మకండి. అది ఇంకాక మళ్లీ నింపి, పుల్ల గుచ్చి, గంట గంటకీ నీళ్లు ఎంత దిగాయో గీత పెట్టుకోండి. 24 గంటల్లో ఖాళీ అయితే సరే, లేదంటే చోటు మార్చాల్సిందే. దోమల టెన్షన్ కూడా ఇక్కడే తీరిపోతుంది, గుడ్డు దోమయ్యేసరికి దాదాపు వారం పడుతుంది కదా, అన్నాళ్లు నీళ్లుంటేగా.

ఇంటి పునాదికి కనీసం 10 అడుగుల దూరం ఉండాలి, సెప్టిక్ ట్యాంక్ మీద అసలు వద్దు. ఇంకుడు గుంతలా లోతుగా తవ్వి కంకర నింపే పని లేదు, ఆరేడు అంగుళాలు చాలు, కానీ గుంత అడుగుభాగం సమంగా ఉండాలి. తవ్విన మట్టి పల్లం వైపు గట్టుగా వేసి, ఒకచోట రాళ్లు పేర్చి పొర్లుదారి వదలండి. 1000 చదరపు అడుగుల డాబా మీద అంగుళం వాన కురిస్తే 2,300 లీటర్ల పైమాటే, అదంతా ఏ చిన్న గుంతా పట్టదు.

ఇక మొక్కలు. గుంత అనగానే నీటి మొక్కలు తెచ్చి పెట్టేవాళ్లున్నారు, ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఎండిపోయే ఉంటుందని మర్చిపోతారు. మీ దగ్గర కాలువ గట్టున ఎవరూ పట్టించుకోకుండా వానకు మునిగి, ఎండకు నిలబడి బతికేవేవో చూడండి, తుంగ లాంటివి, అడుగున పెట్టాల్సింది వాటినే. గట్టు మీదకి ఎండకు ఓర్చుకునేవి. స్థానిక మొక్కలు వాటంతటవే బతుకుతాయంటారు గానీ, అది వేర్లు దిగాక మాట. మొదటి ఏడాది నీళ్లూ పోయాలి, కలుపూ తీయాలి.

తోటల పేజీలో పూల ఫొటోలతో పాటు ఈ నీళ్ల పరీక్ష గురించి కూడా నాలుగు ముక్కలు వేయండి. నా రెండో గుంత ఆ పాత మూలకు ఎగువన తవ్వాను. మొన్న రాత్రి కురిసిన వాన మర్నాడు మధ్యాహ్నానికల్లా ఇంకిపోయింది, కింది మూలలో కూడా బురద తగ్గింది.

– ఒక పాఠకుడు