ఫీజు సరే, పోస్టు ఏదండీ మంత్రి గారూ?

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో హెల్త్ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరై ఒంగోలులో ఉంటున్నాను. డిపార్ట్‌మెంటు మనిషినని, బీడీఎస్, బీఎస్సీ నర్సింగ్, బీఫార్మసీ అయిన పిల్లలు అమ్మానాన్నల్ని వెంటబెట్టుకొని వచ్చి "ఎం.పి.హెచ్. చెయ్యమంటారా అంకుల్?" అని అడుగుతుంటారు. అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, ప్రజారోగ్యంలో పీజీ. ఏం చెప్పమంటారో తమరే సెలవివ్వండి.

ఖర్చంటారా, అది లెక్కకు అందేదే. పది లక్షల లోను 10.5 శాతం వడ్డీకి, పదేళ్ల గడువుకు తీసుకుంటే నెల కిస్తీ 13,500 దాకా పడుతుంది. చదివే రోజుల్లో పెరిగే వడ్డీ దీనికి అదనం. అమెరికా వెళ్లి ఫీజూ మకాం కలిపి యాభై లక్షలు అప్పు చేస్తే కిస్తీ 67,000 దాటుతుంది. అక్కడే ఉద్యోగం చేసి తీరుస్తామంటారు పిల్లలు. జనరల్ ఎం.పి.హెచ్. అయితే చదువయ్యాక మామూలుగా 12 నెలలే పని చేసుకోనిస్తారు. ఎపిడెమియాలజీ (జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో తేల్చే చదువు), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య లెక్కల చదువు) లాంటివైతే మరో 24 నెలలు అడగొచ్చు. ఒక కన్సల్టెన్సీ బ్రోషరు చూశాను. మంచు పడుతున్న క్యాంపస్, నవ్వే మొహాలు, 'జాబ్ అసిస్టెన్స్' అన్నీ ఉన్నాయి గానీ ఈ ముక్క మాత్రం ఎక్కడా లేదు.

ఇక్కడ చదవాలంటే తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థలో 1997 నుంచే ఈ కోర్సు ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఉంది. సీట్లు కొద్ది. రానివాళ్లు ప్రైవేటుకు పోతారు. రెండు చోట్లా డిగ్రీ పేరు ఒకటే. నన్నడిగితే చూడాల్సింది ఫీల్డు వర్కు. ఇంటింటికీ తిరిగి సర్వే చేసి, లెక్క కట్టి, రిపోర్టు రాసిన పిల్లాడికి పని వస్తుంది. రెండేళ్లూ స్లైడ్లు చూసి పరీక్ష రాసినవాడికి డిగ్రీ వస్తుంది, అంతే.

పని లేక కాదండీ. మన దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి 1937లోనే వైద్య పత్రికలో రాశారు, అదీ అప్పటి నెల్లూరు జిల్లా గురించే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లావే, 1970లో ప్రకాశంలోకి వచ్చాయి. ఇన్నేళ్లయినా ఫ్లోరైడ్ పోలేదు, పైగా కిడ్నీ జబ్బులు తోడయ్యాయి. బోరు నీళ్ల రిపోర్టు ఒక శాఖ దగ్గర ఉంటుంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఇంకో రిజిస్టర్లో, డయాలసిస్ లెక్క మరో ఆస్పత్రిలో. ఫలానా వీధిలో ఏ బోరు నీళ్లు తాగేవాళ్లకు ఏం వస్తోందో మూడూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి నా సర్వీసులో నాకు తగల్లేదు. ఎం.పి.హెచ్.లో నేర్పేది సరిగ్గా ఆ పనే.

పోస్టులే లేవు. జిల్లాలో ఎపిడెమియాలజిస్టు అంటే కాంట్రాక్టు ఉద్యోగం. రాష్ట్రాలు ప్రజారోగ్య కేడర్, అంటే ఈ పనికే ప్రత్యేకంగా ఉద్యోగుల వర్గం, పెట్టుకోవాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది, 2022లో కేంద్రం మార్గదర్శకాలూ ఇచ్చింది. 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం మనకూ తమిళనాడుకూ ఉమ్మడి ఆస్తి. ప్రజారోగ్యం చదివిన డాక్టర్లకు వాళ్లు ప్రత్యేక కేడర్ నిలబెట్టుకున్నారు. తడ దాటితే కనిపించేది మనకెందుకు లేదో అర్థం కాదు.

కాబట్టి ఫ్లోరైడ్, కిడ్నీ మండలాలతో మొదలుపెట్టి, డాక్టర్లు కానివాళ్లు కూడా అప్లై చేసుకునేలా ఎం.పి.హెచ్. అర్హతతో రెగ్యులర్ పోస్టులు మంజూరు చేయించండి. ఈ కోర్సు నడిపే ప్రతి కాలేజీ మొత్తం ఫీజు, ఫీల్డు వర్కు ఎన్ని వారాలు, పోయినేడు ఎంతమందికి ఎంత జీతంతో ఉద్యోగం వచ్చిందో అడ్మిషన్లకు ముందే వెబ్‌సైట్లో పెట్టాలని జీవో ఇప్పించండి. రెండోదానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్,
ఒంగోలు